మంచి దినములలో వ్రాసికొనవలసిన కాగితము

మనస్సునకు వ్యాధి సోకినవారిని వెంటబెట్టుకొని వచ్చిన కుటుంబములను ఏ జిల్లా ఆసుపత్రియందైనను, ఏ ఉదయమునైనను, మానసిక వైద్యుని ఓపీ గది యెదుట చూడవచ్చును. ఒక చేత ఓపీ చీటీయు, మరియొక చేత క్యారీబ్యాగులో పాత మాత్రల అట్టలును, నాలుగు మడతలు పెట్టిన వెనుకటి కాగితములును పట్టుకొని తల్లి ముందు కూర్చుండును. "అత్తావాళ్ళింటికి పోదాం పదరా" అని నమ్మబలికి ఆటో ఎక్కించి తెచ్చిన కుమారుడు ఆమె ప్రక్కనే తల వంచుకొని యుండును. వారి వెనుక మేనమామ నిలుచుండును. "ఏమిటమ్మా బాధ?" అని వైద్యుడు అడుగును. "రాత్రుళ్ళు నిద్రపోడండీ, తనలో తనే మాట్లాడుకుంటాడు, మాత్రలిస్తే గోడవతల పారేస్తాడు" అని తల్లి చెప్పును. ఆమె మరచినదానిని మేనమామ పూరించును. వారు చెప్పినదంతయు సత్యమే కావచ్చును. కాని ఆ యువకుడు మాత్రలను ఎందులకు పారవైచుచున్నాడో, అవి వేసికొన్న మరునాడు నాలుక మొద్దుబారి, చేతులు వణకి, పగలెల్ల మగత క్రమ్ముటచే పనికి పోలేక ఎట్లు కుమిలిపోవుచున్నాడో, ఆ గదిలోనున్న నలుగురిలో వానికొక్కనికే తెలియును; వానిని మాత్ర మెవ్వరును అడుగలేదు. ఐదు నిమిషములలో చీటీమీద అవే మాత్రలు, మోతాదు కొంచెము హెచ్చించి, వ్రాసి యిత్తురు.

ఆ తల్లి ప్రేమను శంకించుట పాపము. వెనుక వరుసలో ఇంకను అనేకులు వేచియుండగా తొందరపడిన వైద్యుని తప్పుపట్టుటయు న్యాయము కాదు. అయినను ఈ దేశమున ఇప్పుడు అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము దృష్టిలో ఆ గదియందు మొట్టమొదట జరుగవలసిన పని జరుగలేదు. తన చికిత్స విషయమున రోగి చెప్పు మాటకు ఆ చట్టము ప్రథమస్థాన మిచ్చినది. రోగి మాట చెప్పజాలని స్థితిలో నున్నప్పుడు సైతము, స్వస్థుడై యుండగా అతడు వ్రాసి పెట్టిన మాటను వెదకి పాటింపుమని వైద్యుని ఆదేశించినది. ఆ వ్రాతను ఎప్పుడు వ్రాసికొనవలెను, ఎవరి చేతికీయవలెను, ఆసుపత్రి గుమ్మమువద్ద ఏమి అడుగవలెను అను విషయములే ఈ అధ్యాయమునకు ప్రధానములు. వ్యాధికి మందు వైద్యుడు వ్రాయవలసినదే. ఈ కాగితము మాత్రము మీరే వ్రాసికొనవలెను.

చట్టము ఇంత దూరము వచ్చుటకు శతాబ్దమునకు పైగా పట్టినది. మన తెలుగునేలపై వాల్తేరులో 1871లోనే మతి చలించినవారికొక ఆలయము వెలసినది. అది ఆలయమనుటకంటె ప్రాకారమనుటయే సమంజసము, ఏలననగా ఆనాటి ప్రభుత్వమునకు వారిని బాగుచేయుట కంటె ఊరికి దూరముగ నుంచుటయే ముఖ్యముగ నుండెను. 1912 నాటి చట్టము కాని, దాని స్థానమున వచ్చి 1993లో అమలైన 1987 నాటి చట్టము కాని, ఎవరిని ఎట్టి ఉత్తర్వుపై లోపల నుంచవచ్చును, వారి ఆస్తిని ఎవరు చూడవలెను అను ప్రశ్నలచుట్టునే ఎక్కువగా తిరిగినవి. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడు రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, ప్రసిద్ధమైన దర్గాను ఆశ్రయించుకొని నడచుచుండిన ఒక ప్రైవేటు వసతిగృహమునకు నిప్పంటుకొన్నది. రోగులను గొలుసులతో కట్టివేసియుండుటచే వారు పరుగెత్తి ప్రాణము దక్కించుకొను వీలు లేకపోయినది. 28 మంది మరణించిరి. సుప్రీంకోర్టు ఆ విషయమును తనంతట తానే విచారణకు చేపట్టినది. ఆ పిమ్మట, వికలాంగుల హక్కులను గూర్చి ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడికను భారతదేశము 2007లో ధ్రువీకరించుటచే, పాత చట్టమును అతుకులు వేసి నడపుట అసాధ్యమైనది. 2017 ఏప్రిల్ 7న రాష్ట్రపతి ఆమోదము పొంది, 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన నేటి చట్టము ఆ విధముగ జనించినది. మానసిక రోగిని ఏ రూపమునను, ఏ విధముగను గొలుసులతో బంధింపరాదని అందులో స్పష్టముగ వ్రాసిన వాక్యము వెనుక ఏర్వాడి బూడిద యున్నదని మరువరాదు.

ఈ చట్టమునకు పునాదిరాయి సమర్థత అను భావన. తనకు చెప్పిన విషయమును గ్రహింపగలుగుట, తాను ఔననుటవలనను కాదనుటవలనను రాగల ఫలితములను తూచుకొనగలుగుట, తన నిర్ణయమును మాటతోగాని సైగతోగాని తెలుపగలుగుట, ఇవి యున్నచో ఆ మనిషి తన చికిత్సను గూర్చి నిర్ణయించుకొనుటకు సమర్థుడే. వ్యాధి పేరు ఎంత భయంకరమైనదైనను ఆ పేరొక్కటియే సమర్థతను హరింపదు. నిర్ణయము ఇతరులకు తప్పుగా తోచినంతమాత్రమున సమర్థత లేదని చెప్పుటకు వీలులేదు. పైగా, ఇది యొకసారి పోయినచో తిరిగిరాని వస్తువును కాదు. సోమవారమునాడు ఏమియు గ్రహింపలేని వ్యక్తి ఆ మరుసటి సోమవారమునకు తేటగా మాటలాడవచ్చును. కావుననే ఆసుపత్రిలో నుంచినవారి సమర్థతను మాటిమాటికి తిరిగి పరీక్షింపవలెనని నియమించిరి.

మన యిండ్లలో అనుదినము ఉపయోగపడదగిన మరియొక నియమమును ఇచ్చటనే చెప్పెదను. సమాజమున చెల్లుచున్న నైతిక, మత, రాజకీయ విశ్వాసములకు ఒకరు విరుద్ధముగా నడచినంతమాత్రమున వారిని మానసిక రోగులుగా నిర్ణయింపరాదు. కులాంతర వివాహము చేసికొందునని పట్టుపట్టిన కుమార్తెను, పెండ్లియే వద్దన్న కుమారుని, ఉద్యోగము మాని సంగీతము నేర్చుకొందునన్న వానిని "ఒకసారి మెంటల్ డాక్టరుకు చూపించండి" అని సలహాచెప్పు బంధువులు మన వంశములలో కొరత లేకుండ నున్నారు. అట్టి సలహాకు చట్టమున తావు లేదు. ఒకప్పుడు చికిత్స పొందియుండుట కూడ నేడు రోగి యనుటకు తనంతట ఆధారము కాజాలదు. ఇక ఆస్తి తగవులలో దాయాదులు వినియోగించు ఆయుధమొకటి కలదు: ఎప్పుడో ఎర్రగడ్డలోనో విశాఖలోనో తీసికొన్న మందుచీటీని బయటకు లాగి, "వీడికి మతిలేదు, వీడి సంతకం చెల్లదు" అని వాదించుట. మానసిక వ్యాధి యున్నదని వైద్యుడు నిర్ణయించుట వేరు, మతిస్థిమితము లేదని న్యాయస్థానము ప్రకటించుట వేరు అని చట్టమే విడదీసి చెప్పినది.

ఆసుపత్రిలో చేరుట రెండు త్రోవలలో జరుగును, ఏ త్రోవలో చేరినారో మొదటి గంటలోనే అడిగి తెలిసికొనవలెను. వయోజనుడైన రోగి తనంతట వచ్చి చేరుట ఉత్తమమైనది. అట్లు చేరినవాడు స్వతంత్ర రోగి. వాని సమ్మతి లేనిదే చికిత్స చేయరాదు. "ఇంటికి పోయెదను" అనినప్పుడు పంపివేయవలెను. ప్రమాదకరమైన స్థితి కానవచ్చినచో మాత్రము, పరీక్షించుటకై ఇరువదినాలుగు గంటలవరకు ఆపవచ్చును. రెండవ త్రోవ, రోగి నిర్ణయశక్తి మిక్కిలి సన్నగిల్లి, తన ప్రాణమునకో పరుల దేహమునకో హాని తలపెట్టినప్పుడు, లేదా తన్ను తాను చూచుకొనలేని దురవస్థలో నున్నప్పుడు, అతని తరఫున మాటలాడు ప్రతినిధి కోరికపై చేర్చుకొనుట. ఇందులకు ఇరువురు వేరువేరుగా పరీక్షింపవలెను, ఆ యిరువురిలో ఒకరు సైకియాట్రిస్టు కావలెను; ఇంతకంటె తక్కువ నిర్బంధముతో చికిత్స చేయు మార్గము లేదని వారు తేల్చవలెను. ఈ చేరిక 30 దినములకు మించరాదు. వారమున కొకమారు రోగి సమర్థతను చూచుచుండవలెను. చేర్చుకొన్న సంగతిని ఏడు దినములలో, రోగి స్త్రీయో మైనరో అయినచో మూడు దినములలోనే, రోగుల హక్కులను గూర్చి విచారించు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డునకు తెలుపవలెను. ముప్పది దినములు దాటి యుంచవలసివచ్చినచో ఇద్దరు సైకియాట్రిస్టులు పరీక్షించుటయు, బోర్డు అనుమతించుటయు తప్పనిసరి.

ఇన్ని నిబంధనలు ఎందుకని విసుగుకొను గృహస్థులను నేనెరుగుదును. రాత్రి రెండు గంటలకు కన్నకొడుకు కత్తిపీట పట్టుకొని తిరుగుచుండగా సెక్షన్లు వల్లెవేయుట ఎవ్వరికిని సాధ్యము కాదు. ఆ ఘడియకు చట్టము వేరొక ఏర్పాటు చేసినది: ప్రాణాపాయమో, ఇతరులకు తీవ్రహానియో తప్పించుటకు, ప్రతినిధి దగ్గర నున్నచో వాని సమ్మతితో, ఏ రిజిస్టర్డ్ వైద్యుడైనను, ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందైనను, అత్యవసర చికిత్స చేయవచ్చును. అది 72 గంటలకు, లేదా మానసిక వైద్యశాలలో పరీక్ష జరుగువరకు, ఈ రెంటిలో ఏది ముందైన అంతవరకే చెల్లును; కరెంటు షాకును అత్యవసర చికిత్సగా ఈయరాదు. ఆ చికిత్సను గూర్చియు ఒక మాట. మత్తుమందును, కండరములను సడలించు మందును ఈయకుండ దానిని చేయుట నిషిద్ధము. ఆ రెండును ఇచ్చి చేసినప్పుడు అది తీవ్రమైన కొన్ని జబ్బులలో ప్రాణము నిలిపిన చికిత్స. చలనచిత్రములలో చూచిన దృశ్యమును బట్టి దానిని త్రోసిపుచ్చుటయు అవివేకమే.

లోపలికి పోయిన పిమ్మట కుటుంబము గమనింపవలసిన చిన్న విషయములలోనే రోగి గౌరవము నిలిచియున్నది. తన బట్టలు తాను కట్టుకొనుటకు రోగికి హక్కు కలదు. యూనిఫారము బలవంతముగ తొడుగరాదు. తల గొరిగించుట, ఒకప్పుడు పేలు పడునను నెపముతో సర్వసాధారణముగ జరిగినది, ఇప్పుడు బలవంతముగ చేయరాదు. పని చేయించినచో కూలి ఈయవలెను. పని చేయనన్నచో నిర్బంధింపరాదు. స్త్రీలకు నెలసరి సమయమున కావలసిన సామగ్రిని సమకూర్చవలెను. మూడేండ్లలోపు బిడ్డగల తల్లిని చేర్చుకొన్నప్పుడు, బిడ్డకు ప్రమాదము లేనంతవరకు, తల్లీబిడ్డలను విడదీయరాదు. ఫోను మాటలాడుటకును, వచ్చినవారిని చూచుటకును, వద్దనుకొన్నవారిని నిరాకరించుటకును రోగికి స్వేచ్ఛ యున్నది. ఒంటరి గదిలో బంధించుట సర్వథా నిషిద్ధము. చేతులు కట్టవలసినంతటి ఘట్టము వచ్చినచో సైకియాట్రిస్టు అనుమతితో, ఆ ప్రమాదము తొలగువరకే, కారణమును కేసుషీటులో వ్రాసి, చేయవలెను. ఇరువదినాలుగు గంటలలో ప్రతినిధికి తెలుపవలెను. కావున రోగిని చూడబోయినప్పుడు పండ్లు మాత్రమే తీసికొనిపోక, మణికట్టులు చూచి రండు. అక్కడ చర్మము కందియున్నచో, కేసుషీటులో ఏమి వ్రాసినారని మర్యాదగా అడుగుడు.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదను. చట్టము మన చేతికిచ్చిన కాగితములు రెండు. మొదటిది నియమిత ప్రతినిధిని ఏర్పరచుకొనుట. ఇందులకు స్టాంపు కాగితము అక్కరలేదు, నోటరీ అక్కరలేదు. తెల్ల కాగితముపై ఫలానావారు నా ప్రతినిధి అని వ్రాసి సంతకమో వేలిముద్రయో వేసిన చాలును. ఆ వ్యక్తి వయోజనుడై, ఆ బాధ్యతను వహించుటకు సమ్మతించి, ఆ సమ్మతిని వైద్యునికి వ్రాతమూలకముగ తెలుపవలెను. అతడు బంధువే కానక్కరలేదు; చిన్ననాటి స్నేహితుడు కావచ్చును, తోడి ఉద్యోగిని కావచ్చును. ఎవ్వరిని వ్రాయనిచో బంధువు, ఆ పిమ్మట చూచుకొనుచున్న సంరక్షకుడు, వారెవ్వరును లేనిచో బోర్డు నియమించినవారు ప్రతినిధులగుదురు. ఇచ్చట కొంత నిష్కర్షగా మాటలాడవలసియున్నది. మన కుటుంబములలో అధికారము వయస్సుననుసరించి పోవును. పెదనాన్నయో, బావగారో, ఇల్లాలి విషయమున అత్తగారో ఆసుపత్రిలో ముందుకు వచ్చి సంతకము చేయుదురు. ఏ యింటి ఒత్తిడివలన ఒక కోడలి మనస్సు కుంగిపోయినదో ఆ యింటివారే ఆమె తరఫున మాటలాడు దురవస్థను ఒక్క తెల్లకాగితము తప్పింపగలదు. తన తోబుట్టువు పేరో, తల్లి పేరో ఆమె ముందుగా వ్రాసియుంచినచో, ఆసుపత్రివారు ఆ పేరునే పిలువవలెను. వ్రాసిన పేరును తరువాత మార్చుకొనుటకును స్వేచ్ఛ యున్నది. ప్రతినిధియైనవాడు యజమాని కాడు. రోగి పూర్వము చెప్పిన కోరికలను, అతని మేలును దృష్టియందుంచుకొని తోడ్పడుట అతని ధర్మము. రోగనిర్ణయమును, చికిత్సను గూర్చిన సమాచారమును పొందుట, డిశ్చార్జి ఏర్పాట్లలో పాల్గొనుట, బోర్డునకు దరఖాస్తు చేయుట అతని అధికారము.

రెండవ కాగితమును ఆసుపత్రులవారు అడ్వాన్స్ డైరెక్టివ్ అందురు. మనము ముందస్తు నిర్దేశమనవచ్చును. ఇంతకుముందు వ్యాధి వచ్చినదా రాలేదా అను భేదములేక, మైనరు కాని ప్రతి వ్యక్తియు దీనిని వ్రాయవచ్చును. నాకు నిర్ణయశక్తి లోపించిన దినములలో ఈ విధమైన చికిత్స చేయుడు, ఈ విధమైనది చేయకుడు, నా ప్రతినిధి ఫలానా అని చెప్పుటయే దీని సారము. దీనికొక నిర్ణీత నమూనా యున్నది. ఇద్దరు సాక్షుల సంతకములు కావలెను, బోర్డువద్ద నమోదు కావలెను. శక్తి యున్నన్నాళ్ళు ఇది నిద్రించును. శక్తి పోయిననాడు మేల్కొనును. తిరిగి వచ్చిననాడు రోగి నోటిమాటయే మరల ప్రమాణమగును. అత్యవసర చికిత్సకు మాత్ర మిది వర్తింపదు.

ఏమి వ్రాయవలెనో తోచక అనేకులు ఈ కాగితమును విడిచిపెట్టుదురు. వ్రాసినవారిలో కొందరు "నన్ను బాగా చూచుకొనవలెను" అని వ్రాసి తృప్తిపడుదురు. అట్టి వాక్యమువలన వైద్యునికి ఏమియు తెలియదు. రెండుమారులు ఉన్మాదదశకు లోనై, రెండుమారులును కోలుకొని, ఇప్పుడు పాఠశాలలో నిశ్చింతగా పాఠములు చెప్పుకొనుచున్న ఒక ఉపాధ్యాయినిని ఊహించుకొందము. ఆమె వ్రాయదగినది ఇట్లుండును: "హాలోపెరిడాల్ ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు నాకు మెడ బిగిసి పక్కకు తిరిగిపోయింది, కాబట్టి అది ఇవ్వొద్దు, లిథియంతో నాకు నయమైంది, దానికి రక్తపరీక్ష చేయిస్తూ కొనసాగించండి. మూడు రాత్రులు వరసగా నిద్ర లేకపోవడం, అప్పుచేసి చీరలు కొనడం నాకు జబ్బు తిరగబెడుతోందనడానికి గుర్తులు. మా చిన్నచెల్లెలికి కబురు చేయండి. నేను పనిచేసే బడికి జ్వరం అని కూడా చెప్పొద్దు, సెలవు అని మాత్రం చెప్పండి. మా అబ్బాయిని వార్డుకు తీసుకురావద్దు." ఇందులో చట్టభాష ఒక్క ముక్కయు లేదు. అయినను అర్ధరాత్రి డ్యూటీలోనున్న, ఆమెను ఎన్నడును చూడని యువవైద్యునికి ఈ వాక్యములు ఏ కేసుషీటును చెప్పలేని సంగతులు చెప్పును. ఏ మందు ఏమి చేసినదో, తొలి సూచనలేవో రోగికి తెలిసినంత నిశితముగ వేరెవ్వరికిని తెలియదు; ఆ జ్ఞానము జబ్బు ముదిరిన దినమున వాక్కునకు అందక పోవును. అందుచేతనే దీనిని మంచి దినములలో వ్రాయుమనుట.

వ్రాసి బీరువాలో దాచుకొన్న నిర్దేశము లేనిదానితో సమానము. అవసరమైనప్పుడు అది వైద్యుని చేతికందునట్లు చూచు బాధ్యతను చట్టము వ్రాసినవానిపైనను, ప్రతినిధిపైనను పెట్టినది. ఒక ప్రతి ప్రతినిధియొద్ద, ఒకటి చికిత్స చేయుచున్న వైద్యుని ఫైలులో, ఒకటి మందుచీటీలుంచు కవరులో నుండవలెను; ఫోనులో ఫోటో తీసియుంచుటయు మంచిదే. ఇంటివారికో వైద్యునికో అందులోని మాట సమ్మతము కానిచో దానిని ప్రక్కన పెట్టు అధికారము వారికి లేదు. బోర్డునకు దరఖాస్తు పెట్టుకొని మార్చుమని కోరవలసినదే. రోగి స్వేచ్ఛగా వ్రాయలేదనియో, తగిన సమాచారము లేక వ్రాసెననియో, ఊహింపని పరిస్థితి యేర్పడినదనియో తోచినచో బోర్డు మార్పవచ్చును.

ఆత్మహత్యాయత్నమును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చు దినములలో మన రెండు రాష్ట్రములలోను ఎన్ని యిండ్లలో ఎట్టి భయము కమ్ముకొనునో వేరుగా చెప్పనక్కరలేదు. పోలీసు కేసగునను బెదురుచే, విషము మ్రింగిన పిల్లవానిని తెచ్చి "పొరపాటున తాగాడండి" అని చెప్పి, మ్రింగినదేదో దాచి, చికిత్సకు విలువైన ఘడియలను పోగొట్టుకొను తల్లిదండ్రులున్నారు. చట్టము ఏమనుచున్నదో వినుడు: ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్రమైన మనోవ్యథలో నుండెనని, వేరుగా ఋజువగునంతవరకు, భావింపవలెను, అతనిని విచారించి శిక్షింపరాదు, అతనికి సంరక్షణ, చికిత్స, పునరావాసము కల్పించుట ప్రభుత్వ బాధ్యత. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను వంటి సాధారణ నేరమే లేదు. ప్రభుత్వోద్యోగిని బలవంతపెట్టుటకై చేయు ప్రయత్నము మాత్రమే నేరముగ మిగిలినది. ఆసుపత్రివారు మెడికోలీగల్ కేసుగా నమోదు చేయుట వారి విధి. దానిని చూచి పిల్లవానికి శిక్ష పడునని భయపడవద్దు. ఏమి జరిగినదో వైద్యునితో దాచక చెప్పుడు.

ఇక దిక్కులేక వీధులవెంట తిరుగు అభాగ్యుల సంగతి. రోగియని తోచినవానిని తన రక్షణలోనికి తీసికొని, ఇరువదినాలుగు గంటలు మించకుండ సమీప ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చుట పోలీసుస్టేషను అధికారి కర్తవ్యము; లాకప్పులోగాని జైలులోగాని ఏ పరిస్థితిలోను ఉంచరాదు. నేరము చేయని మానసిక రోగులను జైళ్ళలో నుంచుట చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 1993లోనే తీర్పు చెప్పినది. బస్టాండులో అట్టి వానిని చూచినప్పుడు చిల్లర వేసి తప్పుకొనక, ఒక్క ఫోను చేయవచ్చును గదా!

ఖర్చు మాటకు వత్తము. ప్రభుత్వము నడపు, లేదా ప్రభుత్వ ధనముతో నడచు మానసిక వైద్యశాలలలో దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, కార్డు చేతనున్నను లేకున్నను, చికిత్స ఉచితము. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖలోను ఉన్న పెద్ద ఆసుపత్రులకే పరుగెత్తనక్కరలేదు. 1996లో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము ఉద్దేశమే వైద్యమును జిల్లాకు తెచ్చుట. బీమా కంపెనీలు శరీరవ్యాధులకు ఏ ప్రాతిపదికపై బీమా ఇత్తురో అదే ప్రాతిపదికపై మానసిక వ్యాధులకును ఈయవలెను. పాలసీ కాగితములో చిన్న అక్షరములతో దీనిని మినహాయించినచో వ్రాతపూర్వకముగ ఆక్షేపింపుడు. కాలు బయట పెట్టుటకే మనస్సొప్పని వారికి, 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలీమానస్ సేవ యున్నది. 14416 అను నంబరునకు ఏ వేళ ఫోను చేసినను తెలుగులో మాటలాడవచ్చును, పైకము పట్టదు.

మందుతో పాటు మనవారు చేయించు మరియొక చికిత్స కలదు. "పెళ్ళి చేస్తే అదే కుదురుకుంటుంది" అనుట. వ్యాధి సంగతి దాచి పెండ్లి చేయుటవలన రోగికి నయము కాకపోగా, మరియొక ప్రాణి జీవితము కూడ చిక్కులలో పడును. ముఖ్యవిషయమును దాచి మోసముతో సమ్మతి పొందిన వివాహమును రద్దుచేయుమని కోరుటకు హిందూ వివాహచట్టము అవకాశ మిచ్చినదని పెద్దలు గుర్తెరుగుదురు గాక. చెప్పి చేసికొన్న పెండ్లిండ్లు నిలిచియుండుటయు మనము చూచుచున్నదే.

హక్కునకు భంగము కలిగినప్పుడు మొదట ఆసుపత్రి బాధ్యులకు వ్రాసి యిచ్చి, నకలుపై అందినట్లు సంతకము తీసికొనుడు. ఫలితము లేనిచో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డునకు దరఖాస్తు చేయవచ్చును. జిల్లా జడ్జి స్థాయివారు దీనికి అధ్యక్షులు. కలెక్టరు ప్రతినిధి, సైకియాట్రిస్టు, మరియొక వైద్యుడు, వీరితో పాటు రోగులుగా నుండినవారో, సంరక్షకులో, వారికొరకు పనిచేయు సంస్థలవారో ఇద్దరు సభ్యులుగా నుందురు. దరఖాస్తుకు రుసుము లేదు. విశేష పరిస్థితులలో నోటిమాటగానో ఫోనుద్వారానో చెప్పినను స్వీకరింపవచ్చును. బోర్డు నిర్ణయము నచ్చనిచో 30 దినములలో హైకోర్టునకు పోవచ్చును. న్యాయవాదికి రుసుము ఈయలేమని జంకనక్కరలేదు. ఉచిత న్యాయసహాయము రోగి హక్కు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోయినను, 15100కు ఫోను చేసినను త్రోవ చూపుదురు.

ఈ చట్టమున లోపములు లేవని నేననను. అనేక రాష్ట్రములలో బోర్డులు ఏర్పడుటకే మిక్కిలి ఆలస్యమైనది; ఏర్పడినచోటను వాటి పేరు వినని వైద్యులున్నారు. రాత్రింబవళ్ళు రోగిని కనిపెట్టుకొనియుండు తల్లికి ఒక్క పూట విశ్రాంతి నిచ్చు ఏర్పాటు మన ఊళ్ళలో లేదు. కుటుంబము అంగీకరింపలేదను కారణముచేతనో, ఇల్లు లేదను కారణముచేతనో ఎవ్వరిని ఆసుపత్రిలో ఉంచివేయరాదని చట్టము చెప్పుచున్నది. కాని నయమైనవారు నివసించుటకు కావలసిన ఆశ్రయగృహములు చాలినన్ని కట్టినవారు లేరు. తప్పుడు చిరునామా ఇచ్చి మనిషిని విడిచిపోయిన బంధువులకు ఏ సెక్షనును సిగ్గు కలిగింపజాలదు. హక్కులను ఇచ్చుటలో చూపిన ఔదార్యమును ప్రభుత్వములు ధనము వెచ్చించుటలో చూపలేదని నా నిశ్చితాభిప్రాయము.

అయినను మన చేతిలోనున్నదానికి ఎవ్వరి అనుమతియు అక్కరలేదు. మీ యింట మందులు వాడుచున్నవారెవరైన నున్నచో, నిద్ర బాగుగా పట్టిన ఒక ఆదివారము ఉదయమున వారి ప్రక్కన కూర్చుండి, "ఎప్పుడైనా నీకు మళ్ళీ బాగోకపోతే ఎవర్ని పిలవమంటావు? ఏ మందు పడలేదు నీకు? ఏం చేస్తే కోపమొస్తుంది?" అని అడుగుడు. వారు చెప్పినదానిని దిద్దక, వారి మాటలలోనే తెల్లకాగితముపై వ్రాయించి, ప్రతినిధి పేరుక్రింద సంతకము చేయించి, వచ్చే ఓపీ దినమున నమూనా పత్రమడిగి తెచ్చుకొని పూర్తిచేయుడు. ఆ దినమున వైద్యుని గదిలో కుర్చీని రోగి వైపు జరిపి, మొదటి మాట వారినే చెప్పనిండు.